ఒకే వైపు చూసిన నెమళ్లు

ఆ రోజుల్లో యజమాని అంటే నవ్వకూడని మనిషి అని గట్టిగా నమ్మేదాన్ని. నాకప్పుడు ఇరవై మూడేండ్లు. ప్రొద్దుటూరులో మా ఇంటి హాల్లోనే మగ్గం వర్క్ మొదలుపెట్టి, పెండ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టడానికి ఇద్దరిని పనికి పెట్టుకున్నాను. ఒకరు రాజుపాలెం నుంచి వచ్చే అత్త (చుట్టరికం ఏమీ లేదు, వయసును బట్టి పిలుపు). ఇంకొకరు ఎర్రగుంట్ల అక్క. ఇద్దరికీ కుట్టులో నా వయసంత అనుభవం ఉంది. నాకేమో డిగ్రీ ఉంది.

అత్త మొదటి బస్సుకే వచ్చేసేది. మగ్గం పక్కన చాప మీద నేనింకా నిద్రలో ఉంటే, నా కాళ్లు మెల్లగా పక్కకు జరిపి కూర్చుని పని మొదలుపెట్టేది. అమ్మ వాళ్లిద్దరికీ టీ ఇచ్చి, నన్ను మాత్రం పండ్లు తోముకొని రమ్మనేది, సిబ్బంది ఎదుటే. ఇక లాభం లేదని ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాను. పని వేళల్లో మాటలు వద్దు, గీసింది గీసినట్టు కుట్టాలి అని. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. అమ్మ కూడా భయపడిందేమో, ఆ రోజు పప్పులోకి ఏది వేయాలో అడగడానికి టమాటాలు ఒక చేతిలో, మామిడికాయ ఇంకో చేతిలో పట్టుకొచ్చి మౌనంగా చూపించింది.

అప్పుడే జమ్మలమడుగు పెండ్లికూతురి జాకెట్ వచ్చింది. రెండు చేతుల మీదా నెమళ్లు కావాలన్నారు. మధ్యాహ్నం అన్నాలు తిని వాళ్లిద్దరూ చల్లటి బండల మీద నడుం వాల్చారు. ఫ్యాను గాలికి గిన్నెలోని పూసలు సన్నగా గలగలమంటుంటే, నేను నెమళ్లు గీస్తూ కల కన్నాను. ఆ కలలో నాకు గాజు తలుపుల పెద్ద అంగడి ఉంది, తిరిగే కుర్చీ ఉంది, పులివెందుల నుంచి కార్లలో వచ్చి నాకోసం ఎదురుచూసే ఆడవాళ్లున్నారు. ఆ కుర్చీలో తిరుగుతూ తిరుగుతూ, రెండో చేతికి నెమలి గీసిన కాగితం తిప్పి అచ్చు వేయడం మరిచిపోయాను.

ఆ సంగతి నాకు తెలిసింది పెండ్లివారు వచ్చే రోజు మధ్యాహ్నం. రెండు నెమళ్లూ ఒకే వైపు చూస్తున్నాయి. వేసుకుంటే ఒకటి ముందుకు, ఒకటి వీపు వైపుకు. నా గొంతులోంచి వచ్చిన శబ్దానికి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఎందుకు చెప్పలేదని అత్తను అడిగాను.

"నువ్వే కదమ్మా రాసిండేది, గీసింది గీసినట్టు కుట్టల్ల, మాట్లాడగూడదని" అంది అత్త, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లి ఫ్రిజ్ మీది ఆ కాగితాన్ని పీకి చించేశాను. అత్త మగ్గం మీదికి వంగి చాలాసేపు చూసింది. మొత్తం విప్పితే పట్టు చిల్లులు పడుతుందని, విప్పే టైము కూడా లేదని తేల్చింది.

"ఒంటి జోలికి పోవద్దు. ఒకదానికి మెడ ఒకటే విప్పి ఎనక్కి తిప్పుదాం. ముందరికి పోతా పోతా ఎనక్కి చూస్తాండట్ల. నువ్వు ఊరికే కూచోకుండా పూసలు అందీ."

అందించాను. అక్క దారాలు విప్పింది, అత్త కొత్త మెడ కుట్టింది, అమ్మ మా నోళ్లల్లో అన్నం ముద్దలు పెట్టింది. పెండ్లికూతురి పిన్ని గడప తొక్కేసరికి అత్త ఆఖరి పూస కుడుతోంది. ఆమె జాకెట్ వెలుగులో పెట్టి చూసింది. వెనక్కి తిరిగిన నెమలిని వేలితో నిమిరి, ఈ డిజైను ప్రొద్దుటూరులో ఇంకెక్కడా చూడలేదని మురిసిపోయింది. నెల తిరక్కుండా పులివెందుల నుంచి అదే నెమలి కావాలని ఫోన్లు వచ్చాయి.

ఇప్పుడు పనికి వేరే గదులున్నాయి, పది మంది ఉన్నారు. ఎవరు కొత్తగా చేరినా, నా తప్పు కనిపిస్తే నా మొహం మీదే చెప్పమని అత్త కథ వినిపిస్తాను. అత్తకు చూపు తగ్గి రావడం మానేసింది. మొన్న రాజుపాలెం పోయినప్పుడు, ఆమె మౌనమే నాకు యజమానిగా ఎలా ఉండాలో నేర్పిందని చేతులు పట్టుకొని చెప్పాను. అత్త ఇబ్బందిగా చేతులు వెనక్కి లాక్కుంది.

"అయ్యో, అది నాకూ కనపడల్యామ్మా. నువ్వు అరిచినాంకనే చూస్తి. ఏదో ఒకటి అనల్ల కదా అని అంటి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫ్రిజ్ ముందు ఏడుస్తూ కాగితం చించిన ఆ ఇరవై మూడేండ్ల పిల్లను తలచుకొని ఊరొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఈ సంగతి నా పది మందికీ ఇంకా చెప్పలేదు.