కొమ్ముపిడి చాకు

నా హ్యాండ్‌బ్యాగులో కళ్ళజోడు, జ్వరం మాత్రలు, చిల్లరతో పాటు ఒక మడత చాకు కూడా ఉంటుంది. ఇది తెలిసినవాళ్ళలో కొందరు నవ్వుతారు, కొందరు కాస్త దూరం జరిగి కూర్చుంటారు. తెనాలిలో ఇన్నేళ్ళు హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైన ఆడమనిషికి కత్తుల పిచ్చేంటని మొహమ్మీదే అడిగినవాళ్ళూ ఉన్నారు. చీరల పిచ్చి ఉన్నవాళ్ళని మాత్రం ఎవరూ ఇలా నిలదీయరు. చీరతో జామకాయ కోసుకోగలరా అని నేనూ తిరిగి అడుగుతాను.

ఇంట్లో పాత బిస్కెట్ల రేకు డబ్బా నిండా చాకులే. దుగ్గిరాల పసుపు యార్డులో గోతాల కుట్లు తెంపిన చాకు ఒకటుంది. ఎంత కడిగినా దాని కీలు దగ్గర పసుపు వదల్లేదు. చీరాలలో ఒక నేతాయన నూలు ముడులు తెంపుకున్నది అరిగి అరిగి వేపపుల్లంత అయింది. రేపల్లె అవతల వలలు బాగుచేసే ముసలాయన దగ్గర తీసుకున్నది ఉప్పుగాలికి గరుకెక్కి, ఎంత నూనె పోసినా మూలుగుతూనే తెరుచుకుంటుంది. అద్దాల బీరువాలో పెట్టి చూసుకుని మురిసే ఓపిక నాకు లేదు. వంతులవారీగా వాడతాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒకటి బయటికి తీసి, సానరాయి మీద నీళ్ళు చిలకరించి పదును పెట్టి, కీలులో కుట్టుమిషను నూనె చుక్క వేసి, ఆ వారమంతా దాంతోనే నిమ్మకాయలూ పళ్ళూ కోసుకుంటాను.

ఇన్ని కొన్నది ఒక్క చాకు దక్కకే. అది మా నాన్నది.

నాన్న రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులు. పిల్లల పెన్సిళ్ళు చెక్కడానికని స్టేషను పక్కన కొలిమి పెట్టుకున్న కమ్మరితో చెప్పి ఆ చాకు చేయించుకున్నారు. గేదె కొమ్ము పిడి, మధ్యవేలంత పొడుగు. వెనక ఉండే స్ప్రింగు బద్ద ఎంత గట్టిదంటే, చాకు మూసినప్పుడు టక్కుమన్న చప్పుడు ఆఖరి వరస దాకా వినపడేది. ఆ చప్పుడు వింటే పిల్లలు మాటలు ఆపేసేవాళ్ళు. రిటైరైన రోజు నాన్న ఇంటికొచ్చి, జేబులోంచి చాకు తీసి బల్ల మీద పెట్టి, తీసుకోరా అని అన్నయ్యని పిలిచారు. పెద్దవాడు కాబట్టి అన్నయ్యకి. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అడగలేదు, ఏడవలేదు, కానీ ఆ కోరిక మాత్రం పోలేదు. తర్వాతెప్పుడో నా డబ్బా చూసి అన్నయ్యే అన్నాడు, ఎన్ని కొన్నా నీ కన్ను నా చాకు మీదే ఉందని. కాదని అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

నాన్న ఆ చాకుని బల్ల మీద ఎందుకు పెట్టారో చెప్పాలి. మా ఇంట్లో చాకు ఎవరూ చేతికివ్వరు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ గొడవలొచ్చి బంధం తెగిపోతుందని అమ్మ నమ్మకం. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నదే, మాలాంటి క్రైస్తవుల ఇళ్ళలోనూ ఉంది. ఇది బైబిల్లో ఎక్కడుందని అన్నయ్య ఆటపట్టించేవాడు. బైబిల్లో లేకపోతే ఏంటి, మనింట్లో ఉంది అనేది అమ్మ. వేళాకోళం చేసినవాడే జీవితంలో ఒక్కసారి కూడా ఆ మాట దాటలేదు. మేమిద్దరం నానా విషయాలకీ పోట్లాడుకున్నాం. చాకు మాత్రం ఎప్పుడూ కింద పెట్టే ఇచ్చుకున్నాం.

అన్నయ్య బాపట్ల దగ్గర ఒక నర్సరీలో అంట్లు కట్టి బతికాడు. మామిడి, సపోటా, నిమ్మ, ఏదైనా సరే. ఆ పనికి వేరే చాకు ఉండేది. నాన్న చాకు మాత్రం తిండికే. నెలకోసారి నేను ప్యాసింజరు బండెక్కి బాపట్ల వెళితే, పెరట్లో తను అంటుకట్టిన జామచెట్టు నుంచి దోరకాయ ఒకటి కోసుకొచ్చేవాడు. చాకు తెరిచి, కాయని అడుగు తెగకుండా నిలువునా ముక్కలు చేస్తే అరచేతిలో పువ్వులా విచ్చుకునేది. మధ్యలో ఉప్పూ కారం పోసి నాకిచ్చేవాడు. నేనూ ఇంటిదగ్గర చాలాసార్లు ప్రయత్నించాను. నాకెప్పుడూ అడుగు తెగిపోయేది.

పోయిన వానాకాలంలో అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక వదిన జామకాయ గింజలు తీసేసి, సన్నగా తరిగి, చెంచాతో నోటికందిస్తే మూతి బిగించేసుకున్నాడట. ఆయనకి నా మీద కోపం అని వదిన నా దగ్గర కళ్ళొత్తుకుంది. కోపం వదిన మీద కాదని నాకు తెలుసు. నేను మంచం పక్కన కూర్చోగానే అడిగాడు.

"ఒంటి చేత్తో తెరుచుకునే చాకు నీ డబ్బాలో ఏమన్నా ఉందా అమ్మాయ్?"

తర్వాతిసారి డబ్బా మొత్తం మోసుకెళ్ళాను. దుప్పటి మీద అన్నీ పరిచాను. ఎడమ చేత్తో ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. మడత చాకు తెరవాలంటే ఒక చేత్తో పిడి పట్టుకుని రెండో చేతి గోరు కోసే అలుగు మీది గాడిలో పెట్టి లాగాలి. ఏదీ లొంగలేదు. చివరికి దిండు కిందనుంచి నాన్న చాకు తీసి, అలుగుని పళ్ళతో పట్టుకుని లాగబోయాడు. అది జారి పెదవికి తగిలింది. నాకు చూడబుద్ధి కాక కిటికీ వైపు తిరిగాను. బొటనవేలితో నెడితే తెరుచుకునే చాకులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తెప్పిస్తానన్నాను. ఈ వయసులో కొత్త చాకుతో పరిచయం పెంచుకోలేనన్నాడు. ఆ ముద్దమాటతో కూడా వెటకారం వదల్లేదు. తనకి కావలసింది ఒక్కటే. ఆ చాకు తనే తెరిచి, తన చెట్టు కాయ తనే కోసుకుని తినాలి.

చాకు పట్టుకుని రేపల్లె వెళ్ళాను. స్టేషను పక్కన కొలిమి ఇప్పుడు లేదు. ఆ కమ్మరి కొడుకు అక్కడే ఇనప గేట్లకి వెల్డింగు చేస్తున్నాడు. అలుగు మొదట్లో మూడు చుక్కల గుర్తు చూసి, ఇది మా నాన్న చేతిదండీ అని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. స్ప్రింగు బద్ద అరగదీసి వదులు చేసి, ఎడమ బొటనవేలికి అందేలా అలుగుకి చిన్న ఇత్తడి బొడిపె బిగించొచ్చన్నాడు. కానీ తేలిగ్గా తెరుచుకునేది తేలిగ్గానే మూసుకుంటుందనీ, వేలు మధ్యలో పడితే తెగుతుందనీ హెచ్చరించాడు. అక్కణ్ణించే అన్నయ్యకి ఫోను చేసి చెప్పాను. వదులు చెయ్యమను, మూసుకుంటే నా వేలే కదా అన్నాడు.

పని అయ్యాక ఆయన చాకు నా చేతికివ్వలేదు. గుడ్డతో తుడిచి పక్కన స్టూలు మీద పెట్టాడు, నేను తీసుకున్నాను. బండిలో కూర్చుని తెరిచాను, మూశాను. చప్పుడు లేదు. నాన్న టక్కు పోయింది. తెనాలి వచ్చేదాకా అదేదో మనిషిని పోగొట్టుకున్నట్టే ఏడుపొచ్చింది.

అన్నయ్య మాత్రం దాన్ని ఎడమ చేత్తో తెరిచి నవ్వాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను చూసిన మొదటి నవ్వు అది. కాయని పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కాబట్టి పీటకి కిందనుంచి మేకు కొట్టించమని తనే ఉపాయం చెప్పాడు. మేకుకి కాయ గుచ్చితే కదలదు. వడ్రంగితో కొట్టించి ఇచ్చి, సంబరంగా తెనాలి వచ్చేశాను.

వారం తిరక్కుండా వదిన ఫోను. మొన చెక్కలో దిగబడితే అన్నయ్య మెలితిప్పాడట. అలుగు వెనక్కి మడుచుకుని చూపుడువేలు ఎముక కనపడేలా తెగింది.

"ఉన్న ఒక్క చెయ్యీ పోగొట్టేదాకా నిద్రపోవా నువ్వు?" అంది వదిన.

నాకు ఒళ్ళు మండింది. అన్నయ్యని పసిపిల్లాణ్ణి చేసి చెంచాతో పెడుతున్నది నువ్వు కాదా అన్నాను. అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత మాత్రల గురించి తప్ప మా ఇద్దరికీ మాటల్లేవు. చాకు ఎక్కడో దాచేసిందని అన్నయ్యే చెప్పాడు. ఎక్కడో తెలుసుకోలేక కాదు, లేచి వెళ్ళలేకే తను ఊరుకున్నాడు.

చలి మొదలయ్యాక వదినే పిలిచింది. ఆయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదు, నువ్వే దగ్గరుండి నేర్పించు అంది. నేను వెళ్ళేసరికి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగున దాచిన చాకు బయటికి తీసింది. పమిటతో తుడిచి, మంచం మీద అన్నయ్య ఎడమ చేతి పక్కన పెట్టి, పెరట్లోకెళ్ళి దోరకాయ ఒకటి తనే కోసుకొచ్చింది. మేకుకి గుచ్చి పీట ఒళ్ళో పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. చూస్తూ ఉండలేకే వెళ్ళిందనుకుంటాను.

పైనుంచి కిందకి నొక్కు, మెలితిప్పకు అని చెప్పాను. పదునువైపు నొక్కితే అలుగు మడుచుకోదు, వెనక్కి తిప్పితేనే వస్తుంది ప్రమాదం. అన్నయ్య బొటనవేలితో బొడిపె నెట్టాడు. చాకు తెరుచుకుంది. నొక్కాడు. కాయ సగానికి తెగింది. మళ్ళీ నొక్కాడు. ముక్క ఒకటి జారి నేల మీద పడింది. మొత్తానికి నాలుగు ముక్కలయ్యాయి, ఏదీ ఇంకోదానిలా లేదు.

"వంకరగా వచ్చాయి కదే," అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఉన్న చేతిలో చాకు ఉంది.

నేను తుడిచాను. ఒక ముక్క తను తిన్నాడు, నెమ్మదిగా, ఒక పక్క దవడతో. మిగతావి నన్ను తినమన్నాడు. నేల మీద పడింది కూడా కడుక్కొచ్చి తిన్నాను. తర్వాత చాకుని తొడకి ఆనించి మూసి, నావైపు చాపాడు.

అలవాటుగా నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "కింద పెట్టన్నయ్యా."

"పట్టుకోవే. ఇంక మనం పోట్లాడుకోవడానికి టైమెక్కడుంది?"

చెయ్యి అలాగే చాపి ఉంచాడు. ఆ చెయ్యి ఎక్కువసేపు అలా నిలవలేదని నాకు తెలుసు. పట్టుకున్నాను. పిడి వెచ్చగా, జామకాయ రసంతో జిగటగా ఉంది. చిన్నప్పట్నుంచీ కోరుకున్న చాకు చేతిలోకొచ్చింది, దాన్ని మళ్ళీ తన దిండు కింద పెట్టేసి పారిపోదామనిపించింది.

నెల తిరక్కుండా రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆస్పత్రి దాకా కూడా వెళ్ళలేదు. బాపట్లలోనే సమాధి చేశాం. అందరూ పాటలు పాడారు. బ్యాగులో చాకు మీద చెయ్యేసుకుని నిలబడ్డాను.

నేను సైన్సు టీచర్ని. మెదడులో నరం మూసుకుపోవడానికీ చాకు చేతికివ్వడానికీ సంబంధం లేదని పిల్లలకి చెప్పగలను, నాకు నేను చెప్పుకోగలను. అయినా ఇప్పటికీ చాకు తీసినప్పుడల్లా, ఆ రోజు మొండికేసి మంచం మీద పెట్టించి తీసుకుని ఉంటే, అనే ఆలోచన రాకుండా ఉండదు. ఆ చాకు డబ్బాలో పెట్టలేదు. వంతుల్లేవు దానికి. రోజూ అదే.

మొన్న వదిన తెనాలి వచ్చింది. సంచీలో పెరటి జామకాయలు తెచ్చింది. అన్నయ్య పోయాక మేమిద్దరం ఒకే గదిలో కూర్చోవడం అదే మొదలు. కాసేపయ్యాక తనే ఒక కాయ తీసి, ఆయన చాకు ఇటివ్వు అని చెయ్యి చాపింది.

నేను బ్యాగులోంచి తీశాను. చాపిన చెయ్యి నా ముందే ఉంది. చాకు మాత్రం బల్ల మీద పెట్టాను.

వదిన నా మొహంలోకి చూసింది. ఆయన నీ చేతికే ఇచ్చాడటగా అంది.

"ఇచ్చాడు. నువ్వన్నా ఉండు వదినా."

తను చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్ళు తుడుచుకుని, చాకు బల్ల మీదనుంచి తీసుకుంది.