జెండాలమ్మ పెట్టిన పెద్ద నమస్కారం

రేవు వెనక సందులో జెండాలమ్మ కుట్టుమిషను తొక్కడం మొదలుపెడితే సముద్రం కూడా ఆ తాళానికే ఎగిసిపడేదని చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోనివ్వండి. ఆ సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ జెండాలు కుట్టిన చెయ్యి మాత్రం ఆవిడదే. రాజులు పోయి సేనానులొచ్చారు, సేనానులు పోయి ఎన్నికలొచ్చాయి. ఎవరొచ్చినా కొత్త రంగుల గుడ్డ పట్టుకుని ముందు ఈవిడ గుమ్మం తొక్కాల్సిందే.

పరాయి రేవులోకి వచ్చే ఓడ, ఆ దేశపు జెండాను చిన్నది ఒకటి ఎగరేయాలి. అది అతిథి పెట్టే నమస్కారం. ఒకసారి అలాంటి జెండా కుట్టించుకోవడానికి వచ్చిన ఆవలి ఒడ్డు ఓడ వంటవాడు, గుడ్డతోపాటు మనసూ అక్కడే వదిలేసి పోయాడు. పెళ్లికి ఎవరూ ముక్కు విరవలేదు. రెండు ఒడ్లకూ అవే జోలపాటలు, అవే తిట్లు. ఏ పాట ముందు ఎవరిదన్నదొక్కటే తగవు.

ఇప్పుడు రెండు దేశాలకూ వచ్చిన తగవు మాత్రం నడిసముద్రంలో కాకి కూడా వాలని ఒక రాతిదిబ్బ గురించి. సాయంత్రంతో ఆవలి ఒడ్డు ఓడలకు రేవు మూసేస్తారని చాటింపు వేశారు. వంటవాడి ఓడ ఇంకా బయటే ఉంది. ఓడలను రేవులోకి నడిపించే పైలట్ పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, అన్నయ్య ఓడ మీదున్న మన జెండా గాలికి పీలికలైపోయింది. అది లేకుండా లోపలికి రానివ్వరు."

"ఇవాళ రాకపోతే?"

"మళ్లీ ఎప్పుడో ఆ రాతిదిబ్బనే అడగాలి."

మామూలుగా తువ్వాలంత చాలు. కానీ రేవు ఆఫీసువాళ్లకు అంత దూరానికి కనబడకపోతేనో? ఆ భయంతో జెండాలమ్మ గుడ్డకు గుడ్డ కలిపి కుట్టింది.

"ఇదేంటి వదినా, జెండానా, దుప్పటా?"

"నోర్మూసుకుని పట్టుకెళ్లు. గుడ్డివాడికైనా కనబడాలి."

కనబడింది. పైలట్ పడవలో తీసుకెళ్లి ఎగరేయించి వచ్చేసరికి, ఓడ సొంత జెండా దాని వెనక పూర్తిగా మరుగైపోయింది. ఓడను వెనక్కి తిరగమని ఆఫీసునుంచి మైకులో అరిచారు. జెండాలమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"పరాయి ఓడ మన ఓడలా వేషం కట్టి వస్తుందా?" అన్నాడు అధికారి.

"వేషం కాదు బాబూ, నేనే పెద్దగా కుట్టాను. కత్తిరించి చిన్నది చేసిస్తాను, కాస్త ఆగమనండి."

కిటికీ మూసుకుంది.

పైలట్ ఆవిడ భుజం పట్టుకున్నాడు. "నీ తప్పేం లేదు వదినా. రుమాలంత కుట్టినా రానిచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నమే పైనుంచి ఆర్డరొచ్చిందట."

"నిజమా? నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

తప్పు తనదైతే ఏడవడానికి ఒక కారణమైనా ఉంటుంది. తనది కాకపోతే, తను ఏం కుట్టినా ఒకటే. రెండింటిలో ఏది తేలికో ఆవిడకు తెలియలేదు.

ఓడ తిరిగింది. వెనక కమ్మీ దగ్గర తెల్ల ఏప్రాన్ ఒకటి, నోటి చుట్టూ రెండు చేతులూ దొప్పలా పెట్టుకుని ఏదో అరుస్తోంది. ఇంజను మోతలో ఒక్క ముక్కా ఒడ్డుకు చేరలేదు.

"ఏమంటున్నాడయ్యా?"

పైలట్‌కూ వినబడలేదు. "తిన్నావా అని అడుగుతున్నాడు" అన్నాడు.

పొద్దుటినుంచీ మంచినీళ్లైనా ముట్టని జెండాలమ్మ, గొంతు చిరిగేలా అరిచింది. "తిన్నా!"