చిన్నాయన రాసిన ప్రోగ్రాం

మా ముత్తాత నారపరెడ్డి, ఆయన కొడుకు చిన్నపరెడ్డి శింగనమల చుట్టుపక్కల ఊళ్లకు పెద్దరెడ్లు. ఎంత కరువులోనైనా మా గోడౌను తలుపు తెరిచే ఉండేది. గింజల కోసం వచ్చినవాణ్ని నువ్వెవరివని అడగడం మా ఇంట్లో నామర్దా.

మా చిన్నాయనకూ అదే బుద్ధి. రెండువేల సంవత్సరం తర్వాత కంప్యూటరు కొని, పుస్తకాలు చదివి, తనే ఒక ప్రోగ్రాం రాశాడు. గోడౌను వాకిట్లో పెట్టిన దాని నల్లటి తెర మీద రైతు తన పేరు కొడితే, మా దగ్గర దాచుకున్న విత్తనపు వేరుశెనగ మూటల లెక్క కనిపించేది.

బెంగుళూరులో కంప్యూటరు పని చేసే మా బావ అది చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏం మామా, కొట్టిన పేరును చూడకుండా అట్లే కంప్యూటరుకిచ్చే కమాండులో కలిపేస్తాండావే! పేరు ఎనక సెమికోలన్ పెట్టి, అంతా చెరిపెయ్ అని రాస్తే అదీ చేస్తాది."

చిన్నాయన అలవాటుగా మీసం దువ్వి నవ్వాడు. "రానీలేప్పా. మన వాకిట్లోకి వచ్చినోణ్ని సోదా చేస్తామా?"

సరిగ్గా విత్తే అదనులో ఎవరో అదే రాసి పోయారు. లెక్కంతా పోయింది. వేరే నకలు లేదు. రైతులు గోడౌను ముందు నిలబడ్డారు.

"ఎవురో కనుక్కుందాం, చిన్నాయనా," అన్నాను.

ఆయన చెయ్యి మీసం దాకా లేచి ఆగిపోయింది. "ఎవుర్నని అడుగుతావురా? ఎవురెన్ని అంటే అన్ని ఇచ్చెయ్."

అందరూ నిజం చెప్పలేదు. మూటలు చాలలేదు. ఆయన మళ్లీ మీసం దువ్వడం నేను చూడలేదు.

మూటలు అందనివాళ్లకు డబ్బు కట్టడానికి గోడౌనును స్థలంతో సహా గుత్తి ఊరి వ్యాపారికి అమ్మాము.