నేను కట్టిన ఇంట్లో అత్త గది

మొన్న మా తమ్ముడి కొడుకు ఫోనులో ఏదో ఆట తెరిచి, వాళ్లు కొత్తగా కొన్న ఫ్లాటును గది గదిగా కట్టి చూపిస్తూ, నాకూ ఒక గది పెట్టానన్నాడు. వాడి తప్పేం లేదు గానీ నాకు ఒళ్లు మండింది. ఇలాంటి ఆటే ఒకప్పుడు నా చేత ఎంత పని చేయించిందో వాడికేం తెలుసు.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో డిగ్రీ అయిన పిల్లలకు కంప్యూటరు కొనిపెట్టడం ఇంటి పరువు. మా నాన్నా కొన్నాడు, ఉద్యోగానికి పనికొచ్చేవి నేర్చుకుంటానని. నేను నేర్చుకున్నది, తెర మీద ఇల్లు కట్టి, మనుషుల్ని పెట్టి కాపురం చేయించే ఆట. ఊహల మేడలు రెండు రోజుల్లో మొహం మొత్తి, నల్లపాడులో పెదనాన్న వాళ్లూ మేమూ కలిసి ఉంటున్న ఇంటినే ఉన్నదున్నట్టు కట్టాలని పంతం పట్టాను. కొలతలు కావాలంటే, జాకెట్లు కుట్టే మా మేనత్త తన టేపు తెచ్చి, ఒక కొస తను పట్టుకుని వారం రోజులు నాతో పాటు గోడ గోడా తిరిగింది.

అత్త పెళ్లయిన రెండేళ్లకే భర్తతో పొసగక తిరిగొచ్చిన మనిషి. వెనకవైపు ఒకప్పుడు ఎండుమిరప బస్తాలు వేసిన కొట్టుగదిలో మంచం, కుట్టుమిషను వేసుకుని ఉండేది. ఆ గది ఆమెదేనని తాతయ్య పోయేముందు అందరి ఎదుటా చెప్పాడు. నోటిమాటే, కాగితం లేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడల్లోంచి ఘాటు పోయేది కాదు, కిటికీ కూడా లేదు. అత్త దగ్గుతూనే కుట్టేది.

ఆటలో చిక్కంతా ఆ గదితోనే వచ్చింది. అక్కడ మంచం వేస్తే, పడుకున్న బొమ్మ దిగులుపడి పనీపాటా మానేసేది. కిటికీ పెడితే అది మా ఇల్లు కాదు. అందుకని మంచం తీసేసి, అత్త బొమ్మనూ తీసేసి, గదిని మళ్లీ కొట్టు చేశాను. ఇల్లంతా కళకళలాడింది.

ఆ ఏడాదే పెదనాన్నకూ నాన్నకూ మాటామాటా పెరిగి పంపకాల దాకా వచ్చింది. పెద్దమనుషులు ఇంటి ప్లాను అడిగితే ఎవరి దగ్గరా లేదు. మేస్త్రీ కర్రతో నేల మీద గీసి కట్టిన ఇల్లాయె. మా అమ్మాయి కంప్యూటరులో వేసిందని నాన్న చెప్పేసరికి నేను ఉబ్బిపోయి, గుంటూరు వెళ్లి ప్రింటు తీయించి, గదుల పేర్లు పెన్నుతో రాసి మరీ ఇచ్చాను. వెనక గది మీద మిర్చి కొట్టు అని రాశాను, ఆటలో అలాగే ఉంది కనుక. వసారాలో కూర్చున్న పెద్దమనుషులు కొలతలన్నీ సరిపోయాయని నన్ను మెచ్చుకుని, ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. కొట్టు పెదనాన్న భాగంలోకి పోయింది. అందులో ఎవరుంటున్నారో తెలియనివాళ్లు అక్కడ లేరు, అయినా కాగితంలో కొట్టనే ఉందిగా అన్నాడు పెదనాన్న. నాన్నా నోరు మెదపలేదు; మెదిపితే అత్తకు తన వాటాలోంచి ఒక గది ఇవ్వాల్సొస్తుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త ఆ కాగితం అడిగి తీసుకుని, చాలాసేపు చూసి, నన్నొక్కదాన్నే అడిగింది.

"ఇందులో నేనెక్కడ పడుకుంటున్నానే అమ్మాయ్?"

నేను రాసింది తప్పండీ అని ఆ వసారాలో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అంతమంది పెద్దవాళ్లు మొదటిసారి నన్ను మెచ్చుకున్న రోజది, ఆ మెప్పు పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఇంతకంటే గొప్ప కారణం ఉందని ఇప్పుడు అబద్ధం చెప్పలేను.

నెల తిరక్కుండానే అత్త మిషను తీసుకుని వినుకొండలో దూరపు చుట్టాల పంచన చేరింది. వెళ్లేదాకా నాతో మామూలుగానే మాట్లాడింది, అదే నన్ను తినేసింది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ అన్నదమ్ములూ లేరు, ఆ చోట మూడంతస్తులు లేచాయి. ఏ గది ఎవరిదో ఈ కాలంవాళ్లు ముందే రాసుకుంటున్నారు, మంచిదే. మన రోజుల్లో అది మాట మీద నడిచేది, ఆ మాట చెప్పాల్సిన వంతు నాకొచ్చిన రోజున నేను నోరు మూసుకున్నాను. అత్త వెళ్లిన సాయంత్రం, ఇంట్లో ఆమె లేదు కనుక ఆటలోనూ అలాగే మారుద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. మార్చడానికి ఏమీ లేదు. అందులోంచి ఆమెను నేనెప్పుడో తీసేశాను.