శిఖం నేల

మాది కోస్తా. మా ఆయనకు ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, పటాన్‌చెరు వైపు కాపురం పెట్టిన కొత్తలో, రుద్రారం దాటాక ఒక పల్లెలో ఇంటికి జాగా కొన్నారు. అమ్మిన రైతు ఏమీ దాచలేదు. "శిఖం భూమి సారూ" అన్నాడట. ఈ మహానుభావుడు దాన్ని శిఖరం అనుకున్నాడు! "ఎత్తు నేల, వరదొచ్చినా మనకేం భయం లేదు" అని మురిసిపోతూ మట్టిగోడలతో రెండు గదులు వేయించారు.

వరుసగా మూడేళ్లు వానల్లేవు. ఊరి చెరువు ఎక్కడో దూరాన బురదమడుగులా ఉండేది. అయినా ప్రతి తొలకరికీ నీరటి వచ్చేవాడు. చెరువు కాపలా, తూములు తియ్యడం, ముయ్యడం అతని పని. మా వాకిట్లోకి రాగానే చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. మర్యాద కాబోలనుకున్నాను. తర్వాత పంచె మోకాళ్లపైకి ఎత్తి, ఎండిన మట్టిలో ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ, అడుగు తడుముకుంటూ నడిచేవాడు. పట్టపగలే నేను తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటయ్యా ఆ నడక, నా వాకిట్లో?"

"చెర్వుల గిట్లనే నడుస్తరమ్మా," అన్నాడు. "శిఖం అంటే చెర్వు కడుపు. నిండితే ఈడిదాక నీళ్లుంటయి." చేతికర్రతో మా కిటికీ చూపించాడు.

ఆ పూట మా ఆయన్ని చెడామడా తిట్టాను. ఏం లాభం, ఇల్లు కట్టేశాం కదా.

నాలుగో ఏడు వాన పట్టింది. రెండు రోజులు కురిసి తెరిపిచ్చిన మధ్యాహ్నం, చక్కగా ఎండ కాస్తుండగా, చప్పుడే లేకుండా గడప కింది నుంచి నీళ్లొచ్చాయి. చీమలు గోడెక్కాయి. పొయ్యి దగ్గర ఒక చేపపిల్ల తిరుగుతోంది. నన్ను చూసి అది బెదరను కూడా లేదు, నేనే ఎవరింటికో వచ్చినట్టు!

పంచాయతీ వాళ్లంతా చెరువు కట్ట మీదే ఉన్నారు. మా ఆయన అక్కడికి పరుగెత్తారు, వెనకే నేను. "కట్టకు కొంచెం గండి కొట్టించండి, నా ఇల్లు పోతోంది" అని సర్పంచి చేతులు పట్టుకున్నారు.

సర్పంచి విసుక్కోలేదు. "కొట్టిస్త సారూ. జెర ఇటొచ్చి సూడుండ్రి, నీళ్లు ఎటు పోతయో" అని కట్ట అవతలికి తిప్పాడు. కింద పది పదిహేను గడపలు. ఒక ముసలమ్మ మంచం మీద మూటలు పెట్టుకుని మా వైపే చూస్తోంది. "ఇగ మీరే చెప్పుండ్రి."

"కొట్టమనండి, కొట్టమనండి" అని నేను ఆయన మోచెయ్యి గిల్లాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆయన నా చెయ్యి తప్పించారు. చివరికి "వద్దులెండి" అన్నారు. అంతలోనే వెనక, చెరువు వైపు, మా ఇంటి గోడ కూలిన చప్పుడైంది. ఆయన తల తిప్పలేదు. నేనే చూశాను.