హోబర్ట్ అలక బండ

హోబర్ట్ ట్రాంథమ్‌కు కోపం వస్తుందని ఎవరూ అనరు. వచ్చిన కోపం పోతే కదా, మళ్లీ రావడానికి! అరవై ఏడేళ్ల కిందట ఉత్తర కరొలైనా కొండల్లో పుట్టినప్పుడు ఆయన అందరు పిల్లల్లా ఏడవలేదట. మంత్రసానిని కేకలేశాడట. ఆవిడ క్షమాపణ కూడా చెప్పుకుందట.

వాన కురవకపోతే మ్యూల్‌టూత్ వాగు ఎండిందని కోపం. కురిస్తే పొంగిందని కోపం. సరిగ్గా కయాక్ పడవలు దించే మట్టానికి వస్తే, ఆ సంగతి ఊరందరికీ తెలిసిపోయిందని కోపం. వంతెన స్తంభం మీద నీటిమట్టం గీతలు గీసింది ఆయనే. వాటి మీదా కోపమే. ఓ పొద్దున వంతెన మీద నిలబడి ఆయన తిడుతుంటే పొగమంచు పావుగంట ముందే విడిపోయిందని చూసినవాళ్లున్నారు.

అంత కోపిష్టిని వెంటబెట్టుకుని వాగులోకి ఎందుకు దిగడమంటే, అందులో ప్రతి బండా ఆయనకు పేరు పెట్టి తిట్టేంత పరిచయం. మైలున్నర దూరంలో నాలుగు వందల అడుగులు దిగిపోయే వాగు అది. అక్కడ నీళ్లు పారవు, మెట్ల మీంచి దొర్లిపడతాయి. ఆ మెట్లలో అన్నిటికన్నా పెద్దదాన్ని ‘అత్తగారు’ అంటారు. పద్దెనిమిది అడుగుల జలపాతం. పైనుంచి నున్నగా, మర్యాదగా కనిపిస్తుంది. కిందికి చేరాకే అసలు గుణం తెలుస్తుంది.

అక్కడ అందరూ ఒడ్డెక్కి, అంచున నిలబడి చూసి, దూకాలో మానాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఒకరి నిర్ణయంలో ఇంకొకరు వేలు పెట్టకపోవడం వాగు మర్యాద. కయాక్ భుజానేసుకుని పక్కదారిన నడిచి దిగినవాణ్ణి ఏడాది పొడవునా ‘వాకింగ్ క్లబ్’ అని ఏడిపించడమూ వాగు మర్యాదే.

హోబర్ట్ మాత్రం ఇరవై ఏళ్లుగా అత్తగారి మీంచి దూకింది లేదు. సరిగ్గా అంచుకు చేరేసరికి ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుంటాడు. హెల్మెట్ నేలకేసి కొడతాడు. “మీలాంటివాళ్లతో వాగులో దిగిన నన్ను అనాలి!” అంటూ తాడు సంచి చంకన పెట్టుకుని నడిచి దిగిపోయి, జలపాతం కింద ఒక బండ మీద కూర్చుని అలుగుతాడు. దాని పేరే అలక బండ. తాడు ఎందుకని అడిగితే, “చేతులకు పని లేకపోతే ఎవడి గొంతో పట్టుకుంటాను” అని జవాబు. తగువులాడినవాళ్లు దూకడం మానుకుని ఆయన వెనకే నడవాలి, బుజ్జగించడానికి. అది ఎప్పుడు మొదలైందో గాని, ఆనవాయితీ అయిపోయింది.

నాలుగేళ్లుగా ఆ తగువు కెండ్రా శూక్‌కే రాసిపెట్టినట్టుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కెండ్రా, సెలవు దొరికినప్పుడల్లా వాగుకు వచ్చి, పదకొండుసార్లు అత్తగారి అంచుదాకా వెళ్లింది.

మొదటిసారి తుమ్మింది.

“అంచు మీద నిలబడి తుమ్ముతారా ఎవరైనా?” అన్నాడు హోబర్ట్.

“తుమ్ము నన్నడిగి వస్తుందాండీ?”

“నేను తుమ్మానా? నలభై ఏళ్లలో ఈ బండ మీద ఒక్కసారి తుమ్మానా?”

హెల్మెట్ నేలకు తగిలింది.

మరోసారి మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టింది. కొరికి ఆగాడు.

“ఇందులో పంచదార ఉంది.”

“ఒక్క చెంచా.”

“చెంచా! మా అమ్మ వింటే సమాధిలోంచి లేచొచ్చి, నీ పొయ్యి ఆర్పి, మళ్లీ వెళ్లి పడుకుంటుంది!”

మళ్లీ హెల్మెట్. మళ్లీ కెండ్రా వెనకే నడక. కింద నీళ్లలోంచి డాల్టన్ క్రీస్మన్ నవ్వు. కట్టెల లారీ తోలే డాల్టన్ ఎప్పుడూ అందరికన్నా ముందు దూకి, కింద కాచుకుని ఉంటాడు. “ఏం వాకింగ్ క్లబ్బూ, ప్రెసిడెంటు గారు చల్లబడ్డారా?”

ఈ ఏప్రిల్లో రెండు రోజులు వాన పడగానే కెండ్రా ఇంటి దగ్గర్నుంచే కోపంతో బయల్దేరింది. చలికాలమంతా బోర్లాపడ్డ కయాక్‌ను తెడ్డుతో లేపడం సాధన చేసింది. వేరే వాగుల్లో నాలుగు జలపాతాలు దూకింది. ఈ ముసలాయన లేకపోతే అత్తగారి మీంచి ఎప్పుడో దూకి ఉండేది! ఇవాళ ఆయన ఏమన్నా సరే, “అవునండీ” తప్ప ఇంకో మాట అనకూడదు. దారంతా కారులో “అవునండీ” అనుకుంటూనే వచ్చింది.

ముగ్గురూ అంచుకు చేరారు. కెండ్రా పళ్లు బిగించి నిలబడింది. హోబర్ట్ ఆమె వైపు చూడనైనా లేదు.

“ఏరా డాల్టన్, ఆ ఉడికించిన వేరుశనక్కాయల తొక్కలు ఎక్కడేస్తున్నావ్?”

“జేబులోనే, పెద్దాయనా.”

“జేబులో! తడి తొక్కలు జేబులో దాచేవాడితోనా నేను వాగులో దిగింది?”

కెండ్రాకు ఒళ్లు మండింది. సిద్ధం చేసుకున్న “అవునండీ”లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ముందుకొచ్చి అంది, “ఇవాళ రొట్టెలో రెండు కప్పుల పంచదార వేశాను.”

“నీ రొట్టె, నీ నోరు,” అన్నాడు తిరిగి చూడకుండా.

“అంచు మీద నిలబడి తుమ్ముతాను కూడా.”

“తుమ్ముకో అమ్మాయ్. నాకిక్కడ పనుంది.” మళ్లీ డాల్టన్ మీద పడ్డాడు. “తొక్కల సంగతి తేల్చు!”

ఇంత అవమానం ఆమెకు పదకొండు తగువుల్లోనూ జరగలేదు. తనమీద కోప్పడటానికి కూడా పనికిరాదా? డాల్టన్ వైపు కొరకొరా చూసింది. అప్పుడు కనబడింది. డాల్టన్ హెల్మెట్ పట్టీ పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ పెట్టుకుంటున్నాడు. పొదల చాటుకు వెళ్లొచ్చింది ఇప్పటికి మూడోసారి. పోయిన నెల పక్క వాగులో సుడి పట్టి తిప్పేస్తే కయాక్ వదిలి ఈదుకొచ్చినవాడు. కయాక్ వదిలినవాళ్లకు ఉండే ఆచారం ప్రకారం ఒడ్డున తన తడి బూటులోనే బీరు పోసుకుని తాగి, అందర్నీ నవ్వించాడు. అందరూ నవ్వారు. కెండ్రా మరీ ఎక్కువ నవ్వింది.

పట్టీ తీసి పెట్టుకోవడం, పొదల చాటుకు వెళ్లడం కెండ్రాకు కొత్త కాదు. ఇదే అంచు మీద పదకొండుసార్లు తానూ అవే చేసింది. ప్రతిసారీ ముసలాయన తిడుతుంటే అరుస్తూ వెనకే నడిచింది గాని, మొదటి మలుపు తిరగగానే హాయిగా ఊపిరి పీల్చుకోవడం ఇన్నాళ్లూ తనకొక్కదానికే తెలుసనుకుంది.

హెల్మెట్ నేలకు తగిలింది. హోబర్ట్ తాడు సంచితో విసవిసా దిగిపోయాడు. “ఈయన్నిలా ఒంటరిగా ఎలా వదిలేస్తాం!” అంటూ డాల్టన్ కయాక్ భుజానేసుకుని వెనకే పరుగెత్తాడు.

కెండ్రా ఒక్కతే మిగిలింది. తిట్టేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. కింద అలక బండ మీంచి హోబర్ట్ చెయ్యెత్తాడు. ఆ బండ నుంచి తాడు విసిరితే జలపాతం కింది సుడి నడిమధ్యకు చేరుతుందని పైనుంచి చూస్తేనే తెలుస్తోంది.

కయాక్‌లో కూర్చుని తెడ్డు వేసింది. అంచు కాళ్ల కిందనుంచి జారిపోయింది. అత్తగారు ఆమెను మింగి, తలకిందులు చేసి, రుచి చూసి, వద్దనుకున్నట్టు పైకి వదిలేసింది. తెడ్డుతో ఒక్క తిప్పు. ఆకాశం కనబడింది.

“అంత ఆలస్యంగానా తెడ్డు వేసేది?” బండ మీంచి ఉరిమాడు హోబర్ట్. “నిద్రపోయి లేచి వేశావా?”

“నేనూ దూకేవాణ్ణే కెండ్రా,” అన్నాడు డాల్టన్, ఎక్కడో చూస్తూ. “ఈ పెద్దాయన సంగతి నీకు తెలుసు కదా.”

నాలుగేళ్లుగా పడ్డ ‘వాకింగ్ క్లబ్’ మాట తిరిగి అప్పగించడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. కెండ్రా నోరు తెరిచింది. హోబర్ట్ ఆమె వైపు చూశాడు. అంత కోపంగా ఆయన మునుపెన్నడూ చూడలేదు.

“మంచి పని చేశావు డాల్టన్,” అంది. “నువ్వు తోడు రాకపోతే ఈయన ఆ బండను కరిచి, పన్ను ఊడగొట్టుకునేవాడు. ఎక్స్‌రే మళ్లీ నేనే తీయాలి.”

“మరే!” డాల్టన్ భుజాలు విచ్చుకున్నాయి. “ఎవరో ఒకరు ఓర్చుకోవాలి కదా!”

“ఎవర్ని ఎవరు ఓర్చుకునేది?” అని హోబర్ట్ బండ మీంచి లేచాడు. లేస్తూ, డాల్టన్ చూడకుండా, తన జేబులోంచి నాలుగు ఉడికించిన వేరుశనక్కాయలు తీసి కెండ్రా కయాక్‌లోకి విసిరాడు.