పప్పుతో పాటే చింతచిగురు

మొన్న ఆదివారం మా మామగారు మా ఇంట్లో భోజనం చేశారు. కాదు, అలా రాస్తే వార్త తప్పవుతుంది. విస్తరి ముందు కూర్చున్నారు.

మా ఆవిడ పురిటికి బందరు వెళ్లింది. పథ్యం రోజులు దాటి, బిడ్డ బోర్లా పడుతున్నా మా అత్తగారు పంపడం లేదు. ‘మీరుండే ఆ నాచారంలో బండలూ పొగగొట్టాలే గాని పచ్చటి ఆకు కనిపించదట. బాలింత ఏం తింటుంది? వానలు పడ్డాక చూద్దాం’ అని ఆవిడ తీర్పు. ఏదో పని మీద హైదరాబాదు వచ్చిన మామగారు, ఆదివారం మా ఇల్లు చూసి వెళ్తానని కబురు పెట్టారు. ఇక నా అప్పీలు ఆయన చేతిలోనే ఉంది.

శివరాత్రి వెళ్లి చింతచెట్లు చిగురేశాయి. పక్క వాటాలో ఉండే మల్లయ్య ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున్నే అతని సైకిలు వెనక కూర్చుని చెంగిచెర్ల వైపు వెళ్లాను. అతను చెట్టెక్కి కోశాడు, నేను కింద తువ్వాలు పట్టాను.

“మస్తు లేతగున్నది సార్. మా ఇంటామెకియ్యుండ్రి, పప్పు జేస్తది.”

“వద్దు మల్లయ్యా, నేనే వండాలి. ఇక్కడ ఏ లోటూ లేదని మామగారికి తెలియాలి కదా!”

“మీకొస్తదా?”

“పప్పే కదయ్యా!”

మా పత్రికాఫీసులో నాకో అలవాటుంది. చేతిలో ఉన్న వార్తలన్నీ ఒకేసారి కంపోజింగుకు పంపేస్తాను. చివర్లో హడావుడి ఉండదు. వంటలోనూ అదే చేశాను. కందిపప్పు, నలిపిన చిగురు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు అన్నీ ఒకే గిన్నెలో వేసి, నీళ్లు పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి పేపరు తెరిచాను.

పేపరు అయిపోయింది. చిగురు మెత్తబడింది, ఉల్లిపాయ కరిగింది. పప్పు మాత్రం డబ్బాలోంచి అప్పుడే తీసినట్టుంది! నీళ్లు పోశాను. మంట పెంచాను. మళ్లీ నీళ్లు పోశాను. పప్పుగుత్తితో మెదపబోతే గింజలు గిన్నెకు తగిలి టకటకమన్నాయి. ఆ చప్పుడుకి మల్లయ్య తలుపు దగ్గరికొచ్చి తొంగి చూశాడు.

“ఏంది సార్, బోల్టులు ఉడకబెడుతున్నరా?”

అంతలో స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది. అదే సమయానికి, ఉప్పల్లో బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మామగారు గుమ్మంలోకి వచ్చారు.

“ఏమయ్యా, వాసన వీధిలోకే తగిలింది. చింతచిగురేనా?”

“అవునండీ! ఇక్కడ ఎటు చూసినా ఇదేనండీ!”

ఆయన ముఖం విప్పారింది. గెలిచాననుకున్నాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నారు, వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు. ఆ నమిలిన చప్పుడు నాకు వినిపించింది.

“చిగురు ఎప్పుడు వేశావు?”

“మొదట్లోనేనండీ. పప్పుతో పాటే.”

“పులుపు తగిలాక పప్పు ఉడుకుతుందటయ్యా?”

నెయ్యి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మజ్జిగన్నంతో లేచారు.

సాయంత్రం బస్సెక్కించడానికి ఉప్పల్ దాకా వెళ్లాను. బస్సు కనిపించాక ఆయన అన్నారు: “అమ్మాయిని వచ్చే వారం పంపిస్తాలే.”

“చూశారా! ఆకుకూరలకి ఇక్కడ...”

“ఆకుల్ని చూసి కాదయ్యా, నిన్ను చూసి. ఇలా తింటే ఈ వేసవి దాటవు. మీ అత్తగారిని కూడా పంపిస్తాను, నీకు వంట నేర్పుతుంది.”

“ఆవిడ... ఎన్నాళ్లుంటారండీ?”

“నీకు పప్పు వండడం వచ్చేదాకా” అంటూ ఆయన బస్సెక్కారు.

పప్పు ఒక్కటే అయితే ఫరవాలేదు. నాకు చారు పెట్టడం కూడా రాదని ఆయనకింకా తెలియదు.